ఎడమకు ఒరిగే లారీ

నేనేం పని చేస్తానని చుట్టాలు అడిగితే సాఫ్ట్‌వేర్ అని చెప్పి మాట మారుస్తాను. వివరంగా చెప్పబోయిన ప్రతిసారీ నాకే నష్టం జరిగింది. ఒక పెళ్లిలో మా పెద్దత్త వదలకుండా అడిగితే చెప్పాను. "లారీల ఒక చిన్న పెట్టె బిగిస్తం అత్తా. లారీ ఎటు వంగితే, ఆఫీసుల టీవీ మీదున్న బొమ్మ లారీ గూడ అటే వంగుతది." ఆమె చేతిలో ఉన్న అప్పడం తినడం పూర్తిచేసి, "అసలు లారీ కండ్ల ముంగట కనబడ్తనే ఉంటది గద, మల్ల బొమ్మెందుకు?" అంది. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఎన్నో మీటింగుల్లో కూర్చున్నాను, ఇంత సూటి ప్రశ్న ఎవరూ వేయలేదు. పెరుగు తెచ్చుకుంటానని లేచాను.

మా ఆఫీసు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మూడంతస్తుల బిల్డింగులో పైన ఉంటుంది. కింద మసాలా పొడులు ఆడించి ప్యాక్ చేస్తారు. పదకొండింటి నుంచి ధనియాల వాసన, మూడింటి నుంచి కారం. కారం ఆడించే వేళకు మేం ఎవరితోనూ ఫోన్ మీటింగులు పెట్టుకోం. ఒకసారి పెట్టుకుంటే అవతలివాళ్లు మేం ఏడుస్తున్నామనుకుని గడువు పొడిగించారు. మేం ఉండేది చిల్కానగర్‌లో, స్కూటీ మీద పావుగంట దూరం. మా ఆయన రైల్వేలో గుమస్తా, రోజూ మల్కాజిగిరి పోయొస్తాడు.

మాకు ఆ పని ఇచ్చింది పీర్జాదిగూడలో రెడీమిక్స్ కాంక్రీట్ ప్లాంటు నడిపే ఒక పెద్దాయన. వీపు మీద పెద్ద డ్రమ్ము తిప్పుకుంటూ పోయే లారీలు ఆయనకు పన్నెండు ఉన్నాయి. ఆ లారీలతో ఒక చిక్కుంది. డ్రమ్ము ఎత్తులో ఉంటుంది, నిండా తడి కాంక్రీట్ మాలు ఉంటుంది, పైగా తిరుగుతూ ఉంటుంది. మలుపులో కాస్త తొందరపడితే బండి పక్కకు పడుకుంటుంది. ఆయన బండి ఒకటి అలాగే పడుకుంది. మనుషులకేమీ కాలేదు గానీ, డ్రమ్ములో కాంక్రీట్ గట్టిపడి, దాన్ని పగలగొట్టడానికి మనుషులు లోపలికి దిగి వారం రోజులు సుత్తులతో కొట్టారు. ఆ చప్పుడు వింటూ ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. ఏ బండి ఎప్పుడు ఎంత ఒరుగుతోందో తన గదిలో కూర్చుని చూడాలి.

ఆయనది గోదావరి జిల్లా. ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడినా మాట మారలేదు. "గ్రాఫులొద్దమ్మా నాకు," అన్నాడు మొదటి రోజే. "బండి బండిలాగే కనపడాలి. ఒరిగితే ఒరిగినట్టు కనపడాలి." సరే అన్నాను. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక లారీ బొమ్మ తెచ్చి చూపించాను. స్టీరింగు ఎడమవైపు ఉందన్నాడు. కుడికి మార్చాను. రంగు తేడా అన్నాడు. మార్చాను. నంబరు ప్లేటు రాయించాడు. ఆఖరికి, "నిమ్మకాయ లేదేంటమ్మా?" అన్నాడు. అద్దం ముందు దారానికి ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు గీసి వేలాడదీశాను. "ఊగదా?" అన్నాడు. బండి కదలికను బట్టి నిమ్మకాయ కూడా ఊగేలా చేశాను. నిజం చెప్పాలంటే, ఆ మొత్తం పనిలో నాకు గర్వంగా అనిపించింది ఆ నిమ్మకాయే.

పెట్టె సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి. అందులో రెండు సెన్సార్లుంటాయి. ఒకటి భూమి ఏ దిక్కున ఉందో చెబుతుంది, కానీ కంగారు మనిషి, చిన్న గుంట తగిలినా కొంప మునిగినట్టు చెబుతుంది. రెండోది బండి ఎంత వేగంగా తిరుగుతోందో చెబుతుంది, నెమ్మదస్తురాలే గానీ మతిమరుపు మనిషి, పది నిమిషాలు పోయాక తాను ఎక్కడ మొదలుపెట్టిందో మరిచిపోతుంది. ఈ ఇద్దరి మాటలనూ కలిపి ఒక నమ్మదగ్గ మాట తయారుచేయడం నా పని. మొదటివారం కంగారు మనిషిని ఎక్కువ నమ్మాను, తెర మీద లారీ చలిజ్వరం వచ్చినట్టు వణికింది. రెండోవారం మతిమరుపు మనిషిని నమ్మాను, మధ్యాహ్నానికల్లా లారీ ఎవరూ ముట్టకుండానే నిదానంగా పక్కకు వాలింది.

ఆ రోజుల్లో పెట్టెను చపాతీ పీటకు టేపుతో అంటించి, వంటింట్లో అటూ ఇటూ వంచుతూ ల్యాప్‌టాప్ చూసుకునేదాన్ని. పీట వంచితే లారీ వంగేది. ఒకరోజు మా ఆయన గుమ్మంలో నిలబడి, "లారీ బానే ఉంది, కూర మాడుతున్నది," అన్నాడు. రెండూ నిజమే.

పెట్టెలు బిగించే రోజు పీర్జాదిగూడ యార్డుకు నేనూ వెళ్లాను. మా ఫిట్టరన్న నాకంటే పెద్దవాడు, పనిమంతుడు, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. పెట్టె మీద ఒక బాణం గుర్తు ఉంటుంది. అది బండి ముందు వైపు చూడాలి, అంతే నియమం. యార్డులో పంతులుగారు, కొబ్బరికాయలు, పన్నెండు పెట్టెలకూ పసుపు, కుంకుమ అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మొదటి లారీ క్యాబిన్‌లో ఫిట్టరన్న పెట్టె పట్టుకుని కూర్చుంటే, యజమాని కింద నుంచి, "ఏ దిక్కుకి పెడుతున్నారమ్మా? కొత్త యంత్రం ఏదైనా తూర్పు ముఖంగానే ఉండాలి మరి," అన్నాడు. గేటు తూర్పున ఉంది. లారీలు గేటు వైపు ముఖం పెట్టి నిలబడి ఉన్నాయి. ఎండ మండుతోంది. "తూర్పే సార్," అని, పైకి చూసి, "అన్నా, బాణం తూర్పుకే పెట్టు," అన్నాను. యజమాని సంతోషించాడు. పంతులుగారు తలూపారు. ఒక వాక్యంతో ఇద్దరిని మెప్పించానని మురిసిపోతూ నేను ఆఫీసుకు వచ్చేశాను. సాయంత్రం ఫిట్టరన్న ఫోన్ చేసి పన్నెండూ అయిపోయాయని చెప్పాడు. తెర మీద చూశాను. పన్నెండు లారీలూ చక్కగా నిటారుగా నిలబడి ఉన్నాయి.

వారం తిరక్కముందే యజమాని ఫోన్ చేశాడు. పదకొండు బండ్లు బానే ఉన్నాయట, ఒకటి మాటిమాటికీ ఎడమకు ఒరుగుతోందట. నేను చూశాను. నిజమే. ఆ బండి బయల్దేరిన దగ్గర్నుంచి గమ్యం చేరేదాకా పదే పదే ఎడమకు తూలి లేస్తోంది. ఒరుగుడు హద్దు దాటినప్పుడల్లా లారీ ఎర్రగా మారేలా నేనే పెట్టాను. ఆ బండి రోజులో సగం ఎర్రగానే ఉంటోంది.

ఎడమ పక్క కమాన్ కట్టలు, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు, కుంగి ఉంటాయన్నాను. మెకానిక్‌ను పిలిపించి కట్టలు మార్పించారు. మరుసటి రోజు కూడా బండి ఎడమకే ఒరిగింది. టైర్లు చూశారు. టైర్లు బాగున్నాయి. ఇక బండిలో లోపం లేకపోతే మిగిలింది ఒక్కరే. లెక్క అలా తేలింది, తేల్చింది నేనే.

ఆ డ్రైవర్‌కు యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుంటాడు, మాట తక్కువ. ప్లాంటులో అందరికంటే పాతవాడు, ఇంతవరకు ఆయన బండికి గీత కూడా పడలేదని యజమానే ఒకప్పుడు చెప్పుకునేవాడు. ఇప్పుడు యజమాని గదిలో టీవీ మీద ఆ బండి రోజూ ఎడమకు తూలుతుంటే, టీ తాగడానికి వచ్చిన డ్రైవర్లందరూ చూసేవాళ్లు. పది రోజుల్లో ఆ డ్రైవర్‌కు ఎడమ మామ అని పేరు పడింది. ఎదురుగా అనేవాళ్లు కారు. కానీ ఆయన బండి గేట్లోకి వస్తుంటే కుర్చీల్లో ఉన్నవాళ్లు కొంచెం ఎడమకు వంగేవాళ్లట.

నెల తిరిగేసరికి ఒక పెద్ద ఒరుగుడు వచ్చింది. పొద్దున పదింటికి, నిండు డ్రమ్ముతో, పీర్జాదిగూడ నుంచి ఉప్పల్ వైపు పోతుండగా లారీ దాదాపు పడుకున్నంత పని చేసింది. యజమాని నన్ను పిలిపించాడు. డ్రైవర్‌నూ పిలిపించాడు. టీవీలో అది మళ్లీ వేయించాడు. లారీ ఎడమకు కూలబడి, ఎర్రబడి, నిమ్మకాయ ఎడమ కిటికీని తాకింది. ఎంత బాగా వచ్చిందో అని నాకు లోపల అనిపించింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, అదే అనిపించింది.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు యజమాని.

"సార్, నా బండి ఒరగలే," అన్నాడు డ్రైవర్. "ఒరిగితే నా నడుముకు ఎర్కయ్యేది గాదా? గాడ ఏమైందంటే, ఫ్లైఓవర్ పిల్లర్ పక్క కెల్లి ఒక ముసలామె..."

"అన్నా, బండి ఒరగనిది అంత లెక్క ఎట్ల వస్తది?" అన్నాను నేను, మధ్యలోనే. నా కోపానికి కారణం ఉంది. ఈ పనిలో పడ్డాక నేను కలిసిన ప్రతి డ్రైవరూ తన బండి ఏమీ చేయలేదనే చెప్పాడు. అందుకే ఆ మాట ఎప్పుడూ నా నాలుక చివరనే ఉండేది. "మనుషులు మరిచిపోతరు. సెన్సార్ అబద్ధం చెప్పదు."

ఆయన నన్ను చూశాడు. తర్వాత టీవీని చూశాడు.  సోమవారం నుంచి తాళాలు ఇచ్చేసి గేటు దగ్గర కూర్చోమని, వచ్చేపోయే బండ్లు రాసుకోమని యజమాని చెప్పాడు. జీతం అదేనన్నాడు. అది దయ అని ఆ గదిలో ఇద్దరం అనుకున్నాం. మూడో మనిషి మొహం నేను సరిగ్గా చూడలేదు.

ఆ సోమవారం ఇంకా రాకముందే, శుక్రవారం పన్నెండు గంటలకు మా ఆఫీసు బయట హారన్ మోగింది. కిటికీలోంచి చూస్తే సందు నిండా ఆ లారీ, డ్రమ్ము తిరుగుతూ. ఆయన మూడంతస్తులు ఎక్కి వచ్చి, తలుపు దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"మేడం, జర దిగి రాండ్రి. నా పక్కన కూసోని మీరే సూడుండ్రి. గంతే. మల్ల ఏమడగ."

"పనుందన్నా. సార్ చెప్పిండు గదా."

"సార్ టీవీ సూసి చెప్పిండు. మీరు బండి సూడలే."

నాకు ఒళ్లు మండింది. ముఖ్యంగా అది నిజం కాబట్టి. పెట్టెలు బిగించాక ఆ బండ్లలో ఒక్కదాంట్లోనూ నేను కూర్చోలేదు. కుదరదని చెప్పబోతుంటే ఆయన మెల్లగా, "డ్రమ్ముల మాలుంది మేడం. ఎక్కువసేపు నిలబెడితే గట్టిపడ్తది," అన్నాడు. అది బెదిరింపు కాదు, సమాచారం. కింద మసాలా లోడు కోసం వచ్చిన ఆటోట్రాలీ అప్పటికే హారన్ కొడుతోంది. ఆయన మాత్రం కదలడంలేదు. వాదించుకోవడానికి ఇంతకంటే అనువుగాని పరిస్థితి నేను చూడలేదు. ఫోన్ తీసుకుని దిగాను.

లారీ ఎక్కడం ఒక విద్య. రెండుసార్లు జారాక ఆయన పైనుంచి, "ఎడమ కాలు ముందు," అన్నాడు. ఎక్కి కూర్చున్నాను. క్యాబిన్ శుభ్రంగా ఉంది. సీటు మీద ఉతికిన తువ్వాలు పరిచి ఉంది, నాకోసమే కాబోలు. అద్దం ముందు నల్లదారానికి నిమ్మకాయ వేలాడుతోంది. అందరూ బయట బంపర్‌కు కడతారు, ఆయన మాత్రం సిమెంటు నీళ్లకు పాడవుతుందని లోపల కట్టుకున్నాడట.

ఫోన్లో ఆ బండి బొమ్మ తెరిచి పట్టుకున్నాను. బొమ్మ మూడు నాలుగు సెకన్లు ఆలస్యంగా వస్తుంది, అది మామూలే. లారీ మెయిన్ రోడ్డెక్కింది. ఆయన బండి నడిపే తీరు మా ఆయన స్కూటీ నడిపేదానికంటే నయం. స్పీడ్ బ్రేకర్ దూరం నుంచే కనిపెట్టి బ్రేకు మీద కాలు మెల్లగా పెట్టాడు. నా ఎదుటి నిమ్మకాయ ముందుకు, అద్దం వైపు ఊగింది. నాలుగు సెకన్ల తర్వాత ఫోన్లో నిమ్మకాయ ఎడమకు ఊగింది, లారీ ఎడమకు ఒరిగింది.

ఫోన్ అడ్డంగా పట్టుకున్నానేమో అనుకుని నిలువుగా తిప్పాను. నిలువుగానే ఉంది. మళ్లీ అడ్డంగా తిప్పాను. ఆయన రోడ్డు చూస్తున్నాడు.

ఇంకో స్పీడ్ బ్రేకర్. క్యాబిన్‌లో నిమ్మకాయ ముందుకు. ఫోన్లో ఎడమకు. తర్వాత చెరువు వైపు ఎడమ మలుపు వచ్చింది. బండి మలుపు తిరుగుతుంటే నిజం నిమ్మకాయ కుడికి జరిగి ఆయన భుజం వైపు వాలింది. నేను ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టాను. ఫోన్లో లారీ ముక్కు కిందికి దించి దండం పెట్టింది.

అప్పుడు నాకు అర్థమైంది. 

"అన్నా, ఆ పెట్టె ఎక్కడుంది?"

"మీ కాళ్ల కాడ. మ్యాట్ కింద."

వంగి మ్యాట్ తీశాను. పెట్టె రెండు సీట్ల మధ్య బిగించి ఉంది. ఎండిన కుంకుమ బొట్టు, దాని కింద బాణం గుర్తు. బాణం ముందుకు లేదు. కుడివైపు తిరిగి, సూటిగా డ్రైవర్ సీటునే చూపిస్తోంది. నెల రోజులుగా ఆయన్నే చూపిస్తూ ఉంది.

సైటు దగ్గర ఆయన మాలు దింపుతుండగా ఒక పక్కన నిలబడి ఫిట్టరన్నకు ఫోన్ చేశాను. "అన్నా, ఈ బండిల బాణం ఎటు పెట్టినవ్?"

"తూర్పుకు."

"బండి ముందుకు గదన్నా పెట్టాలె."

"నువ్వే చెప్పినవ్ గదక్కా, బాణం తూర్పుకే పెట్టుమని. అన్ని తూర్పుకే పెట్టిన. కంపాస్ పెట్టి మరీ చూసిన." ఆయన గొంతులో మంచి పని చేసినవాడి ధైర్యం ఉంది. "ఏమన్న తప్పయ్యిందా?"

యార్డులో పదకొండు లారీలు గేటు వైపు, అంటే తూర్పు ముఖంగా నిలుస్తాయి. ఈయన బండి ఒక్కటి, వేపచెట్టు నీడ ఉంటుందని, గోడ పక్కన ఉత్తరం ముఖంగా పెడతాడు. ఎన్నో ఏళ్లుగా అక్కడే పెడుతున్నాడు. బండి ఉత్తరాన్ని చూస్తోంది, పెట్టె తూర్పును చూస్తోంది. అంటే బండికి ముందు అయినది పెట్టెకు ఎడమ, కాబట్టి ఆయన నెమ్మదిగా బ్రేకు వేసినప్పుడల్లా నా బొమ్మ ఎడమకు పడింది. నిలబడి ఉన్న బండికి ఏ తేడా కనబడదు, అందుకే మొదటి రోజు పన్నెండూ నిటారుగా ఉన్నాయి. గుంట కనబడితే నిదానించే మనిషి కాబట్టే ఆయన ఎక్కువ ఒరిగాడు. అదే బండిని బ్రేకు కొట్టని మొండివాడు నడిపి ఉంటే నా తెర మీద మర్యాదస్తుడిలా కనిపించేవాడు.

తిరిగి వస్తూ దారిలో చెప్పాను. పెట్టె తప్పుగా ఉందని, బండిది గానీ ఆయనది గానీ తప్పు లేదని. ఆయన రెండు గేర్లు మార్చాడు. "సార్‌కు చెప్తరా?" అన్నాడు.

"చెప్తా."

నిజానికి ఎలా చెప్పాలో ఆఫీసు మెట్లు ఎక్కుతూనే ఆలోచించడం మొదలుపెట్టాను. మా పనిలో క్యాలిబ్రేషన్ అనే మాట ఉంది. అది చాలా గౌరవమైన మాట. క్యాలిబ్రేషన్‌లో చిన్న సమస్య వచ్చింది, సరిచేశాం అని మెయిల్ రాస్తే ఎవరూ ఎందుకని అడగరు. పెట్టె విప్పే పని కూడా లేదు, ప్రోగ్రాములో మార్చినా చాలు. ఆ పెట్టె ముందు అనుకుంటున్నది నిజానికి కుడి, ఎడమ అనుకుంటున్నది నిజానికి ముందు. రెండింటికీ స్థానాలు మార్చి ఒకదానికి మైనస్ పెట్టాలి. ఒక్క లైను. కమాన్ కట్టలు మార్పించినదాన్ని, మనిషిని బండి దింపించినదాన్ని, ఒక్క లైను రాసి ఎంటర్ కొట్టాను. తర్వాత మెయిల్ మొదలుపెట్టాను. క్యాలిబ్రేషన్ అని టైపు చేసి, ఆ మాట వైపు చూస్తూ కూర్చున్నాను. కింద కారం ఆడించడం మొదలైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం వల్లే అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. మెయిల్ చెరిపేసి, ఫిట్టరన్నను వెంటబెట్టుకుని పీర్జాదిగూడ వెళ్లాను.

యజమాని అంతా విన్నాడు. అర్థం చేసుకోవడానికి టేబుల్ మీద అగ్గిపెట్టెను లారీగా, పెన్నును బాణంగా పెట్టి చాలాసేపు తిప్పాడు. ఆఖరికి, "అంటే ఏంటమ్మా, తూర్పుకి పెట్టడం తప్పంటావా?" అన్నాడు.

"తూర్పుది తప్పు కాదు సార్. ముందుకు పెట్టమని చెప్పాల్సింది, మీ మాట కాదనలేక తూర్పుకని చెప్పాను. ఫిట్టరన్న నేను చెప్పినట్టే చేసిండు. ఆ రోజు మీ డ్రైవర్ నిజమే చెప్పిండు. తప్పు నాది."

గదిలో ఆ డ్రైవర్ కూడా ఉన్నాడు, తలుపు పక్కన, చేతులు కట్టుకుని. నా వైపు చూడలేదు. నేను ఆయనకు కూడా చెప్పాలి కదా అని అటు తిరిగి, "తప్పయిందన్నా," అన్నాను. ఆయన తలూపాడు, కానీ అది ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.

"సరేలే, అయిందేదో అయింది," అన్నాడు యజమాని. "సోమవారం బండెక్కు. ఇక వదిలేద్దాం."

"ఒకటున్నది సార్," అన్నాడు డ్రైవర్. "నెల దినాలు అందరు గీ టీవీలనే చూసిన్రు. ఇప్పుడు సక్కగైనంక గూడ అందరు చూడాలె. గా పెద్ద ఒరుగుడు దినందే వేయుండ్రి."

యజమాని నన్ను చూశాడు. పాత రికార్డులన్నీ ఉన్నాయి, కొత్త లైనుతో మళ్లీ నడిపించొచ్చు. యార్డులో ఉన్న డ్రైవర్లను పిలిచారు. ఏడెనిమిది మంది వచ్చారు. కొందరు కూర్చున్నారు, కొందరు గోడకు ఆనుకున్నారు. ఎవరికో టీ వచ్చింది. నేను ఆ రోజు ట్రిప్పు మొదటి నుంచి పెట్టాను. త్వరగా తిప్పనా అని అడిగితే, "వద్దు. ఎట్లుంటె గట్లనే," అన్నాడు ఆయన.

లారీ గేటు దాటింది. చిన్న స్పీడ్ బ్రేకర్‌కు ముక్కు కొద్దిగా దించి ఎత్తింది. ఇంకో దానికి అలాగే. నిమ్మకాయ ముందుకు ఊగి వెనక్కి వచ్చింది. ఎర్ర రంగు లేదు, తూలడం లేదు. ఒక లారీ రోడ్డు మీద పోతోంది, అంతే. నేను ఎన్నో బొమ్మలు నడిపించాను గానీ ఇంత విసుగుపుట్టించేది ఎప్పుడూ చూడలేదు. ఏమీ జరగకపోవడాన్ని అంతమంది మగవాళ్లు అంత నిశ్శబ్దంగా చూడడం కూడా చూడలేదు. మా పెద్దత్త ప్రశ్న గుర్తొచ్చింది.

రికార్డులో పది గంటల దగ్గర లారీ ఒక్కసారిగా ముక్కు దించింది. లోతుగా, గట్టిగా. నిమ్మకాయ అద్దానికి కొట్టుకుంది. కానీ బండి పక్కకు కదల్లేదు, వెంట్రుకవాసి కూడా. నిండు డ్రమ్ముతో అంత బ్రేకు వేసి తిన్నగా నిలబెట్టాడు. గోడకు ఆనుకున్న డ్రైవర్లలో ఒకతను నిటారుగా నిలబడ్డాడు. అలా ఆపడం ఎంత కష్టమో ఆ గదిలో నాకూ యజమానికీ తప్ప అందరికీ తెలుసు.

"మరి ఇంత బ్రేకు ఎందుకేశావయ్యా?" అన్నాడు యజమాని.

"పిల్లర్ పక్క కెల్లి ఒక ముసలామె రోడ్డు మీదికి వచ్చింది సార్. చేతుల పాల పాకెట్ల సంచి. నన్ను చూడలే."

"ఆ ముక్క ఆ రోజే చెప్పొచ్చుగా?"

"చెప్పబోయిన సార్," అన్నాడు ఆయన. నా పేరు ఎత్తలేదు. నా వైపు చూడలేదు.

తెర మీద లారీ ఆగి ఉంది. దించిన ముక్కు మెల్లగా పైకి లేచి సర్దుకుంది, నిమ్మకాయ ఊగడం మానేసింది. లారీ ముందు రోడ్డు ఖాళీగా ఉంది. నా బొమ్మలో లారీకి నంబరు ప్లేటు ఉంది, మిరపకాయలు ఏడు ఉన్నాయి, రోడ్డు మీద మనుషులను మాత్రం నేను గీయలేదు. అందరం ఆ ఖాళీ రోడ్డునే చూస్తూ కూర్చున్నాం. ఒక ముసలామె సంచితో అవతలికి దాటడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు లారీ ఆగింది. తర్వాత నిదానంగా కదిలింది.